జ్వరం రాని మామ్మ

న్యుమోనియా అన్న మాట ఆ పల్లెలో ఎవరి నోటా నేను వినలేదు. చంటిపిల్లలకు వస్తే డొక్కలెగరేత అనేవారు. ముసలివాళ్లకు వస్తే దానికి పేరే ఉండేది కాదు. ‘వయసైపోనాది’ అనేవారు, అంతే. నర్సింగు చదువుకుని కొత్తగా ఉద్యోగాల్లోకి వస్తున్న మీకు నేను చెప్పబోయేది ఆ పేరులేని దాని గురించే.

నాకు మొదటి పోస్టింగు విశాఖపట్నంలో, హార్బరు దాటి ఉత్తరంగా వెళ్తే వచ్చే ఒక జాలరి పల్లె దగ్గర. ఎమర్జెన్సీ అయిపోయిన మరుసటి ఏడు అనుకుంటాను. మా నాన్న రైల్వేలో ఫిట్టరు, కాపురం గోపాలపట్నంలో. అక్కడినుంచి రెండు బస్సులు మారి, చివర కొంత ఇసకలో నడిస్తే మా డిస్పెన్సరీ. రెండు గదుల పెంకుటిల్లు. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా రోజులన్నీ పెద్ద సిస్టరుదే రాజ్యం. ఆవిడకి యాభై దాటాయి. గంజి పెట్టిన తెల్లచీర, ఆదివారం చర్చిలో పాడిన పాటని శనివారం దాకా సన్నగా కూనిరాగం తీయడం, ఎవరైనా అబద్ధం చెబితే కళ్లజోడు తీసి తుడుచుకోవడం. ఇవి తప్ప ఆవిడ గురించి మాకు ఎక్కువ తెలియదు.

నా పని పల్లెలో ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లల బరువులు చూడటం, టీకాలు వేయడం, జబ్బు పడ్డవాళ్లని డిస్పెన్సరీకి పంపడం. కాగితం మీద సులువైన పని. అక్కడ మాత్రం తలుపు తీసేవాళ్లే లేరు. అంతకుముందు రెండేళ్లూ బలవంతంగా చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల భయం ఇంకా పోలేదు. తెల్లచీర కనబడితే చాలు, మగవాళ్లు పడవల వెనక్కి తప్పుకునేవారు, ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని లోపలికి పోయేవారు. వారం రోజులు ఖాళీ రిజిస్టరుతో తిరిగొచ్చాను. ఎనిమిదో రోజున ఒక ముసలమ్మ పిలిచింది.

ఆవిడ ఇసకలో చేపలు ఎండబెడుతోంది. నోట్లో చుట్ట, నిప్పున్న వైపు నోటి లోపలికి పెట్టుకుని. అక్కడి ముసలి ఆడవాళ్లు అలాగే తాగేవారు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోకుండా అని చెప్పేవారు.

“ఓలమ్మీ, ఎండలో ఎంతసేపు నిలబడతావు? ఇలా నీడలోకి రా.”

వెళ్లి నిలబడి, “మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా మామ్మా?” అని అడిగాను.

“ఉంటే ఏటి సేత్తావు? కోసేత్తావా?”

“కొయ్యను. బరువు చూస్తాను.”

“మరైతే ముందల నన్ను తూయి. నాను ఏపాటి ఉన్నానో నాకూ తెలవాల.”

నా దగ్గరున్నది పసిపిల్లల్ని గుడ్డలో కూర్చోబెట్టి వేలాడదీసే కాటా. అది తీసి చూపించాను. ఆ గుడ్డలో తనని ఊహించుకుందో ఏమో, చుట్ట నోట్లోంచి తీసి పల్లెంతా వినబడేలా నవ్వింది. ఆ నవ్వుకి పక్కిళ్ల ఆడవాళ్లు తలుపుల్లోకొచ్చారు. ఆ రోజు ఆరుగురు పిల్లల్ని తూచాను.

అప్పటినుంచి మామ్మే నా పర్మిట్టు. ప్రతి మంగళవారం నేను వచ్చే వేళకి చేతులు కడుక్కుని సిద్ధంగా ఉండేది. ముందు ఆవిడ, వెనక నేను. ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే మాట, “మన నర్సమ్మేనే. ఏటీ కొయ్యదు.” మధ్యాహ్నం తన ఇంట్లో కూర్చోబెట్టి గంజీ, వేయించిన ఎండు నెత్తళ్లూ పెట్టేది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, ఇరవై ఏళ్ల కిందట సముద్రంలోకి వెళ్లి తిరిగిరాని మొగుడి కబుర్లు, పదహారేళ్లకే పోయిన పెద్దకూతురి కబుర్లు చెప్పేది. ఏడ్చేది కాదు. వాళ్లిద్దరూ పక్కింట్లో ఉన్నట్టు మాట్లాడేది. అప్పుడు ఇంట్లో ఉన్నది కొడుకు, కోడలు. ఆ ఏడే కోడలికి ఆడపిల్ల పుట్టింది.

పెద్ద సిస్టరు నాకు నేర్పిన మొదటి విద్య ఊపిరి లెక్కపెట్టడం. “పిల్లని ముందే ముట్టుకోకు. ముట్టుకుంటే ఏడుస్తుంది, ఏడిస్తే లెక్క తప్పుతుంది. తల్లి ఒళ్లో ఉండగానే దూరంగా కూర్చుని పొట్ట చూడు. నిమిషం నిండా చూడు. అర నిమిషం చూసి రెట్టింపు చేసేవాళ్లు నాకు అక్కర్లేదు” అనేది. ఏడాది నిండని పిల్లలు, తట్టు పోసి లేచినవాళ్లు, తల్లిపాలు చాలక బక్కచిక్కినవాళ్లు, పొయ్యి పొగలో పడుకునేవాళ్లు, వీళ్ల ఇళ్లకి ముందు వెళ్లమనేది. “ఈ కొసనున్నవాళ్లనీ చూడు, ఆ కొసనున్నవాళ్లనీ చూడు” అని కూడా అనేది. ఆ కొస అంటే ముసలివాళ్లని నాకు తెలుసు. తెలిసీ మనసుకి పట్టించుకోలేదు. మా రిజిస్టరులో అయిదేళ్ల లోపు పిల్లలకి గడి ఉంది, గర్భిణులకి గడి ఉంది. ముసలివాళ్లకి లేదు. కొత్త ఉద్యోగంలో మనిషి కళ్లు రిజిస్టరు గడుల వెంటే తిరుగుతాయి. మీకూ అనుభవమవుతుంది.

ఆ సంవత్సరం కార్తీకంలో వాయుగుండం పట్టి అయిదు రోజులు ఎడతెరిపి లేకుండా వాన. పడవలన్నీ పైకి లాగేశారు. ప్రతి ఇంట్లోనూ తలుపు మూసి, లోపలే పొయ్యి వెలిగించి, అందరూ ఒక్క గదిలో ముడుచుకుని ఉన్నారు. నేను మంగళవారం గొడుగు పట్టుకుని వెళ్లేసరికి మామ్మ గుమ్మంలో లేదు. వానకి లోపలుందనుకున్నాను.

లోపల పొగ. కోడలి ఒళ్లో ఏడు నెలల పిల్ల. మూడు వారాల కిందటే తట్టు పోసి లేచింది. తట్టుకి టీకా అప్పటికింకా మా దాకా రాలేదు. పిల్ల ఏడవడం లేదు, పాలు తాగడం లేదు. ముక్కుపుటాలు అదురుతున్నాయి. గడియారం చూస్తూ కూర్చున్నాను. నిమిషం నిండకముందే అరవై దాటింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది.

“దీన్ని ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి” అన్నాను.

“అక్కడికెల్తే తిరిగి రారంట నర్సమ్మా” అంది కోడలు, పిల్లని ఇంకా దగ్గరికి తీసుకుని.

అలవాటు కొద్దీ మామ్మ వైపు చూశాను, ఆవిడ ఒక మాట అంటే సరిపోతుందని. మామ్మ పొయ్యి పక్కన గోడకి చేరబడి ఉంది. చేతిలో చుట్ట ఉంది, వెలిగించలేదు.

“మామ్మా, నువ్వైనా చెప్పు.”

ఆవిడ నన్ను చూసి, పోయిన పెద్దకూతుర్ని పలకరించినట్టు మెల్లగా, “పెద్దమ్మీ, ఒచ్చినావా? మీ బాబు పడవ ఒచ్చిందేటి?” అంది.

కొడుకు పక్కున నవ్వాడు. “నర్సమ్మా, నీకు మా బాబు దొరికినాడు.”

“రెండ్రోజులై ఇలగే మాటాడతంది. కూడు కూడా సరిగ్గా తిన్నేదు. వయసైపోనాది కదా” అంది కోడలు.

నేనూ నవ్వాను. మామ్మ ముంజేయి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. “జ్వరమేం లేదు” అన్నాను. ఆ మాట అన్నది నేనే. తరవాత ఎన్నోసార్లు ఆ మాట నాకు నా గొంతులోనే వినబడింది. ఒడిలో గడియారం ఉంది, కళ్లెదురుగా మనిషి ఉంది, ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నేను ఇవ్వలేదు.

కొడుకు చెయ్యి తీసుకుని పిల్ల పక్కటెముకల మీద పెట్టించాను. ఆ ఎగపోత అరచేతికి తగిలాక అతని ముఖం మారిపోయింది. “పద, ఎల్దాం” అన్నాడు పెళ్లాంతో. మామ్మని చూసుకుంటానని పక్కింటామె మాటిచ్చింది. రిక్షాకి టార్పాలిన్ కప్పించి, ముగ్గురం పిల్లతో వానలో వెళ్లాం. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, పెన్సిలిన్ మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి పెదాలకి రంగొచ్చింది. మర్నాడు వెళ్లేసరికి తల్లి రొమ్ము పట్టింది. ఆ రోజంతా నేను నేలమీద నడవలేదు. డిస్పెన్సరీకొచ్చి పెద్ద సిస్టరుకి రెండుసార్లు చెప్పాను. డాక్టరుగారికి ఇంకోసారి చెప్పాను. “బాగా పట్టావమ్మా” అన్నారాయన.

ఆ మర్నాడు, గురువారం, వాన తెరిపిచ్చింది. మామ్మకి కబురు నేనే చెప్పాలని పల్లెకి వెళ్లాను.

పక్కింటామె గుమ్మంలోనే ఎదురైంది. “నిన్నటేల నుంచి పడుకునే ఉన్నాది. పిలిత్తే ఊఁ అంతంది.”

మామ్మ చాప మీద పక్కకి తిరిగి ఉంది. కూర్చుని లెక్కపెట్టాను. పెద్దవాళ్లు నిమిషానికి పదహారో ఇరవయ్యో సార్లు ఊపిరి తీస్తారు. మామ్మ ముప్పై ఎనిమిది తీస్తోంది. గోళ్లు నీలం తిరిగాయి. నుదుటి మీద చెయ్యి పెట్టాను. అప్పటికీ చల్లగానే ఉంది.

నలుగురు కుర్రాళ్లు మంచం మీద రోడ్డు దాకా మోసుకొచ్చారు. చేపలకి ఐసు తెచ్చే లారీ ఒకటి తిరిగి వెళ్తుంటే ఆపి ఎక్కించాం. ఆడవాళ్ల వార్డులో ఆవిణ్ని చేర్చుకున్నది తల నెరిసిన ఒక సిస్టరు. ఎక్స్‌రే తీశారు. కుడివైపు ఊపిరితిత్తి కింది సగమంతా తెల్లగా కమ్మేసి ఉంది.

“జ్వరం లేదండి” అన్నాను. అర్జీ పెట్టుకుంటున్నట్టే అన్నాను.

ఆ సిస్టరు నా వైపు చూసింది. “జ్వరం తెచ్చుకోడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలమ్మా. ముసలి ప్రాణానికి అదీ ఉండకపోవచ్చు. తిండి మానేస్తారు. తూలి పడతారు. మనుషుల్ని పోల్చుకోలేరు. వాళ్లకి జ్వరమంటే అదే అనుకో. పైగా ఈవిడ ఎన్నేళ్లనుంచి పొగ తాగుతోందో ఏమో. మాట తేడా వచ్చి ఎన్నాళ్లైంది?”

జవాబు చెప్పడానికి అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. “మంగళవారం నాటికే రెండు రోజులు” అన్నాను. తలెత్తకుండా రాసుకుంది.

శుక్రవారం సాయంత్రం మామ్మకి కాస్త తెలివొచ్చింది. ఆక్సిజన్ గొట్టం పక్కకి జరిపి, “గుంట పాలు తాగతందా?” అంది.

“తాగుతోంది మామ్మా. కింది వార్డులోనే ఉంది. రేపో ఎల్లుండో పంపించేస్తారు.”

“మరి నువ్వేటి, మొకం అలాగెట్టినావు?”

నా చెయ్యి పట్టుకుని మళ్లీ కళ్లు మూసుకుంది. శనివారం పొద్దున నేను బస్సులో ఉండగానే పోయింది.

దహనమప్పుడు ఆడవాళ్లందరూ ఒకటే మాట అనుకున్నారు. “గుంట పేనానికి తన పేనం అడ్డేసినాది.” ఒకరు మొదలుపెట్టారు, పదిమంది అందుకున్నారు. మనవరాలి జబ్బు తన మీదకి తీసుకుని వెళ్లిపోయిందని చెప్పుకున్నారు. కొడుకు నా దగ్గరకొచ్చి, “మా అమ్మ అలాటిదే నర్సమ్మా, ఎవుల కట్టం సూడ్నేదు” అని ఏడ్చాడు. నేను తల దించుకుని నిలబడ్డాను. కాదు అనాల్సింది నేను. అనలేదు. ఆ మాట ఉన్నంతకాలం నన్నెవరూ వేలెత్తి చూపరని ఆ క్షణంలోనే అర్థమైంది. పల్లెలో ఏ తలుపూ మూసుకోలేదు. మామ్మ చూపించిన నర్సమ్మనని ఇంకా బాగా చూసుకున్నారు. అది భరించడం కష్టంగా ఉండేది.

నిజం పెద్ద సిస్టరుకి ఒక్కదానికే చెప్పాను. ఆ రోజు నేను నవ్విన సంగతి కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తీయలేదు. బీరువాలోంచి రిజిస్టరు తీసి, స్కేలు పెట్టి, ఎర్రసిరాతో ప్రతి పేజీలోనూ చివర ఒక గీత గీసుకుంటూ వెళ్లింది. ఒక పూట పట్టింది. పైన ‘ముసలివారు’ అని రాసి నా ముందుకి తోసింది. “రేపటినుంచి నింపు” అంది. అంతే. నెలాఖరుకి తనిఖీకొచ్చిన అధికారి ఆ గడి చూసి, “ఇదేమిటి, మన ఫారంలో లేదే” అన్నారు. “ఫారంలో లేరండి, పల్లెలో ఉన్నారు” అంది పెద్ద సిస్టరు. ఆయన సంతకం పెట్టేసి వెళ్లారు. కొన్నేళ్లకి ఆవిడ రిటైరై కూతురి దగ్గరికి తగరపువలస వెళ్లిపోయింది. రెండుసార్లు వెళ్లి చూశాను. మూడోసారి వెళ్దామనుకుంటూ ఉండగానే చనిపోయిందని కబురొచ్చింది. కష్టమైన కేసు ఎదురైనప్పుడు ఇప్పటికీ ఆవిణ్నే అడగాలనిపిస్తుంది. ఆవిడ బతికుండగా ఒక మంచి ఉత్తరం రాసుంటే ఎంత బాగుండేదని కూడా అనిపిస్తుంది.

తరవాత నన్ను గాజువాక మార్చారు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. ఎక్కడ చూసినా ఎర్రదుమ్ము, లారీలు, ఊళ్లు ఖాళీ చేసి వచ్చి కొత్త కాలనీల్లో దిగినవాళ్లు. ఒకరోజు ఒక ఇంట్లో పసిపిల్లకి టీకా వేసి, నా అలవాటు ప్రకారం, “ఇంట్లో పెద్దవాళ్లున్నారా?” అని అడిగాను. “మా మావగారున్నారు గానీ ఆయనకేటీ నేదు. నిన్న రెండుసార్లు పడిపోనాడు, అంతే” అంది కోడలు. లోపలికెళ్లి కూర్చుని లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. ఒళ్లు చల్లగా ఉంది. ఆ పూటే ఆస్పత్రికి పంపించాను. పది రోజుల తరవాత ఆ పెద్దాయన కర్ర పొడుచుకుంటూ మా సెంటరుకొచ్చి, ఆస్పత్రి ఇడ్లీ రాయిలా ఉందనీ, అలాంటిచోటికి తనని పంపిన నర్సు ఎవరో చూసి పోదామని వచ్చాననీ పేచీ పెట్టుకున్నాడు. నాకు ఎంత సంతోషమైందో ఆయనకి తెలియదు. ఆయన వెళ్లిపోయాక మామ్మ గుర్తొచ్చి పని సాగలేదు. ఒకరిని బతికిస్తే ఇంకొకరి బాకీ తీరుతుందని అనుకునేదాన్ని. తీరదు. ఆ మనిషి లేని చోటు అలాగే ఉంటుంది.

గాజువాకలో సముద్రం కనిపించదు. సాయంత్రాలు గాలి అటునుంచి తిరిగినప్పుడు ఉప్పువాసన వచ్చేది. పని ఆపి నిలబడేదాన్ని. ఇరవై నాలుగేళ్ల వయసులో, కొత్త చెప్పుల్లో ఇసక నింపుకుని ఆవిడ వెనక నడిచిన ఆ మంగళవారాలు ఒక్కటైనా తిరిగొస్తే బాగుండుననిపించేది. ఆవిడ ముందు నడుస్తుంటే నాకు ఏ ఇంటి తలుపు ముందూ భయం వేయలేదు. తరవాత ఇంత సర్వీసులో ఎవరి వెనకా అలా నడవలేదు.

మళ్లీ ఆ పల్లెకి వెళ్లింది పదేళ్ల తరవాత, రెండు రోజుల టీకాల శిబిరానికి. డిస్పెన్సరీకి పెంకులు పోయి శ్లాబు వచ్చింది. కొందరు ఆడవాళ్లు గుర్తుపట్టి చేతులు పట్టుకున్నారు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక పదేళ్ల ఆడపిల్ల ఒకతి తమ్ముణ్ని చంకనేసుకుని వచ్చింది. టీకా అయ్యాక కూడా కదల్లేదు.

“మా మామ్మ నర్సమ్మవి నువ్వేనా?”

ఎవరి పిల్లో అడగక్కర్లేకపోయింది. “నేనే” అన్నాను.

“మా మామ్మ నా కోసవే సచ్చిపోనాదంట కదా. అందరూ సెప్తారు. నాను అల్లరి సేత్తే మా అమ్మ అంతాది, నీకోసం ఓ మనిసి పేనం ఇచ్చినాదే, మర్సిపోకు అని.” నేలచూపులు చూస్తూ, “నాను అడగనేదు కదా” అంది.

చేతిలో ఉన్న సిరంజి ట్రేలో పెట్టేశాను. పదేళ్లపాటు నేను ఏ మాట చాటున దాక్కున్నానో, ఆ మాటని ఈ పిల్ల మోస్తూ తిరుగుతోంది.

“ఇలా కూర్చో. నీ కోసం కాదమ్మా. నీకొచ్చిన జబ్బే మీ మామ్మకీ వచ్చింది. ఒకే గదిలో, ఒకే వానలో. నీది నేను చూశాను. ఆవిడది చూడలేదు. చూసుంటే ఆవిడ కూడా బతికేదేమో.”

“నాను ఆవిడ పేనం తీసుకోనేదా?”

“ఎవరూ ఎవరి ప్రాణమూ తీసుకోలేదు.”

ఆ పిల్ల తలెత్తింది. “మరి నువ్వెందుకు సూణ్నేదు?”

“ఒళ్లు చల్లగా ఉందని.”

చిన్నపిల్లకి అది జవాబు కాదు. నాకూ కాలేదు. తమ్ముణ్ని ఇంకో చంకకి మార్చుకుని, వెళ్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయింది.

ఆ రాత్రికి ఇంటికెళ్లాను గానీ మనసంతా పల్లెలోనే ఉంది. మర్నాడు వాళ్ల నాన్న వచ్చి నిలదీస్తాడని అనుకున్నాను. ఏం అన్నా పడాలని తేల్చుకునే బస్సు ఎక్కాను. వచ్చింది అతను కాదు, కోడలు. ఆమె జుట్టు కూడా నెరుస్తోంది. వరసలో అందరికంటే చివర నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగింది.

“గుంటకి ఏటో సెప్పినావంట.”

“చెప్పాను. అప్పుడే మీకు చెప్పాల్సింది.”

“మాకు తెల్దేటి, నర్సమ్మా. ఆ రోజు నువ్వూ నవ్వినావు, మేవూ నవ్వినాం. రెండ్రోజులై కూడు తిన్నేదని తెలిసీ వయసనేసినాను కదా నాను.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “అలాగనుకుంటే ఎవులికీ నొప్పుండదని అనుకున్నాం. ఆ బరువంతా దాని నెత్తినెట్టేసినామని తెలీనేదు.”

నేను కుర్చీ చూపించాను. కూర్చోలేదు. గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగి చెప్పింది.

“దానికి చిన్నప్పట్నుంచీ ఒక్కద్దానికీ పడుకోడానికి భయం. నిన్న రేత్రి మాత్రం నా పక్కలోంచి లేచెల్లి, యేరే చాపేసుకుని పడుకున్నాది. తెల్లారేదాకా లేవనేదు.”